జలదారి నీటితో పెరటి తోట, దాని పక్కనే చేపల తొట్టె

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లోని పాత పెంకుటిళ్ల వెనుక, జలదారి దాటగానే అరటి పిలకలు, వాటి నీడన చేమ మొక్కలు, ఇంకొంచెం అవతల ఒక కొబ్బరి చెట్టు కనిపించేవి. స్నానం చేసిన నీరు, గిన్నెలు కడిగిన నీరు ఎవరూ మోయనక్కరలేకుండా ఆ పాదుల్లోకి పారేది. ఆ ఏర్పాటులో తప్పు లేదు. మారినదల్లా నీటిలో కలిసే పదార్థమే. అప్పట్లో కుంకుడుకాయ పులుసు, సున్నిపిండి, పొయ్యిలోని బూడిద కలిసేవి. ఇప్పుడు బట్టల పొడి, షాంపూ, ఫినాయిల్, గచ్చు కడిగే యాసిడ్ కలుస్తున్నాయి. అందువల్ల పాత పద్ధతినే పాటిస్తూ, ఏ నీటిని ఎక్కడికి పంపాలో, ఏ నీటిని ఆపాలో, మధ్యలో దేనితో వడకట్టాలో తెలుసుకోవలసి వచ్చింది. ఆమదాలవలసలోని మా పెరట్లో చేసి చూసిన పద్ధతిని, అందులో జరిగిన పొరపాట్లతో సహా ఇక్కడ వివరిస్తున్నాను.

మొదటే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. సబ్బు నీరు మట్టికి వెళ్లాలి, చేపకు వెళ్లకూడదు. ఇంట్లో వాడిన నీటిని నేరుగా చేపల తొట్టెలోకి మళ్లించి, దానితోనే ఆకుకూరలు పండించవచ్చునని కొందరు ఆశపడతారు. ఆ ఆశతో మొదలుపెడితే చేపలూ దక్కవు, కూరలూ దక్కవు. స్నానాల నీటితో చెట్లను, పాదులను పెంచాలి. చేపల నీటితో ఆకుకూరలను పెంచాలి. ఈ రెండు దారులు తోటలో ఒక్కచోట మాత్రమే కలుస్తాయి. ఆ చోటు గురించి తరువాత చెబుతాను.

ఏ నీరు, ఎంత నీరు

పని మొదలుపెట్టే ముందు ఒక రోజంతా నీటిని కొలవండి. స్నానానికి ఎన్ని బకెట్లు, బట్టలకు ఎన్ని, గిన్నెలకు ఎన్ని అని గోడ మీద గీతలు గీసుకుంటే చాలు. నలుగురు ఉన్న మా ఇంట్లో స్నానాలకు సుమారు 90 లీటర్లు, బట్టలకు 70 లీటర్లు, వంటింట్లో 40 లీటర్లు, మొత్తం 200 లీటర్ల నీరు రోజూ బయటికి వెళుతున్నట్టు తేలింది. ఇందులో మరుగుదొడ్డి నీరు లేదు. ఆ నీటిని ఏ పరిస్థితిలోనూ ఈ ఏర్పాటులో కలపకూడదు; దాని గొట్టం వేరుగానే ఉండాలి. పసిపిల్లల మలం అంటిన గుడ్డలు ఉతికిన నీరు, విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు వంటి జబ్బులతో ఉన్నవారు స్నానం చేసిన నీరు కూడా మరుగుదొడ్డి నీటితో సమానమే.

స్నానం నీరు అన్నిటికంటే తేలికైనది. అందులో సబ్బు కొద్దిగానే ఉంటుంది, వెంట్రుకలు, మట్టి, నూనె జిడ్డు ఉంటాయి. తలకు రంగు వేసుకున్న రోజు మాత్రం ఆ నీటిని కాలువలోకి వదిలివేయాలి. బియ్యం, పప్పులు కడిగిన నీటిని ఈ లెక్కలోకే తీసుకోవద్దు. పశువులు ఉన్న ఇంట్లో అది కుడితిలోకి పోతుంది, లేని ఇంట్లో చెంబుతో నేరుగా కరివేపాకు మొదట్లో పోసుకోవచ్చు. గిన్నెలు తోమిన నీటిలో నూనె, మెతుకులు ఉంటాయి కాబట్టి అది తొందరగా కుళ్లి వాసన పుట్టిస్తుంది. గిన్నెలలోని జిడ్డును తోమే ముందే పీచుతోనో కాగితంతోనో తుడిచి, మెతుకులను జల్లెడలో ఆపినప్పటికీ, ఆ నీటిని తరువాత చెప్పబోయే అరటి గుంతకు తప్ప మరెక్కడికీ పంపకపోవడం మంచిది.

అసలు చిక్కు బట్టల నీటితోనే వస్తుంది, కనుక దాని గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. బట్టల పొడిలో ఎక్కువ భాగం సోడియం లవణాలే. చాకలి సోడా, అంటే సోడియం కార్బొనేట్, వాటిలో ముఖ్యమైనది. ఆ పొడి కలిపిన నీటి పీహెచ్, అంటే ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే కొలత, 9కి, 10కి కూడా చేరుతుంది. ఆ నీటిని రోజూ ఒకే చోట పోస్తే, సోడియం బంకమట్టి రేణువులను పట్టుకుని అక్కడి కాల్షియాన్ని బయటికి తోస్తుంది. మట్టి గుల్లతనం పోయి పైన పొరకడుతుంది. పోసిన నీరు దిగకుండా నిలిచిపోతుంది. రైతుల మాటలో చెప్పాలంటే నేల చౌడు బారుతుంది. సబ్బులు అంతగా లేని రోజుల్లో మన ఊళ్లలో బట్టలు ఉతికేవారు చౌడు మన్నునే తెచ్చి ఉతుకుడుకు వాడేవారు, ఎందుకంటే ఆ మన్నులో ఉన్నది సోడాయే. అప్పుడు చౌడు నేల నుంచి సోడాను తెచ్చి బట్టలు ఉతికితే, ఇప్పుడు బట్టల సోడాను మోసుకెళ్లి మంచి నేలను మన చేతులతోనే చౌడు చేసుకుంటున్నాం.

దీనికి ఖర్చు లేని పరిష్కారం ఒకటి ఉంది. బట్టలు నానబెట్టి ఉతికిన మొదటి నీటిని కాలువలోకి వదిలి, జాడించిన రెండో నీటిని, మూడో నీటిని మాత్రమే తోటకు ఇవ్వాలి. పొడిలో చాలా భాగం మొదటి నీటితోనే పోతుంది. ఉతికే యంత్రం ఉన్నవారు బయటి గొట్టాన్ని మొదటి విడతకు కాలువలోనూ, తరువాతి విడతలకు బకెట్లోనూ పెట్టుకోవచ్చు. పొడికి బదులు ద్రవరూపంలోని సబ్బు వాడితే సోడియం సాధారణంగా తక్కువగా ఉంటుంది. బ్లీచింగు, ఫినాయిల్, యాసిడ్ వాడిన నీరు ఎంత పలచగా ఉన్నా తోటలోకి రానివ్వవద్దు. మట్టిలో మన పని చేసిపెట్టే సూక్ష్మజీవులను అవి చంపుతాయి.

అరటి గుంత

చాలా ఇళ్లకు కంకర మడి, అంటే రాళ్లు నింపి మొక్కలు నాటి నీటిని వడకట్టే మడి, అవసరం లేదు. మంచి అరటి గుంత ఒక్కటే సరిపోతుంది. నా సలహా కూడా దీనితోనే మొదలుపెట్టమని. ఒక సంవత్సరం గుంతను నడిపి, ఇంటిల్లిపాదికీ నీటిని వేరుచేసే అలవాటు అయ్యాక, ఇంకా చోటూ ఓపికా ఉంటే అప్పుడు కంకర మడి గురించి ఆలోచించవచ్చు.

స్నానాల గది గొట్టానికి ఒక టీ (మూడు మూతులున్న గొట్టపు ముక్క) బిగించి, ఒక దారి కాలువకో ఇంకుడు గుంతకో, మరొక దారి అరటి గుంతకు వచ్చేలా రెండు వాల్వులు పెట్టుకోండి. వానాకాలంలోనూ, జబ్బులు వచ్చినప్పుడూ, యాసిడ్‌తో గచ్చు కడిగినప్పుడూ నీటిని మళ్లించడానికి ఈ టీ తప్పనిసరి. దీని ఖర్చు మిగుల్చుకుందామని చూసినవారు తరువాత గొట్టం కోయవలసి వస్తుంది. గొట్టం చివర పాత పంచె గుడ్డను సంచిలా కట్టితే వెంట్రుకలు, పీచు అందులో ఆగిపోతాయి. రెండు రోజులకొకసారి దానిని విప్పి దులిపి ఉతకాలి.

గుంత సుమారు 2 మీటర్ల వెడల్పుతో గుండ్రంగా, మధ్యలో 60 సెంటీమీటర్ల నుంచి ఒక మీటరు లోతుతో పళ్లెంలా ఉండాలి. తవ్విన మట్టిని చుట్టూ గట్టుగా వేయాలి. అడుగున ఎండు కొమ్మలు, వాటి మీద కొబ్బరి డొక్కలు, ఆ పైన ఎండుటాకులు, గడ్డి నింపి, నేలమట్టం కంటే కాస్త ఎత్తుగా పోగు చేయాలి. ఉద్దానం వైపు కొబ్బరి డొక్కలకు, జీడి ఆకులకు కొరత ఉండదు. బొబ్బిలి, గజపతినగరం వైపు చెరకు ఆకు, మామిడి ఆకు దొరుకుతాయి. గట్టు మీద నాలుగైదు అరటి పిలకలు, వాటి మధ్య చేమ నాటాలి. నీరు ఆకుల పొర కిందనే పడాలి, పైకి కనిపించకూడదు. కనిపించిన నీటిలో దోమ గుడ్లు పెడుతుంది. మన జిల్లాల్లో మలేరియా, డెంగీ ఎలా పీడిస్తాయో వేరుగా చెప్పనక్కరలేదు. ఆకులు కుళ్లి కుంగిపోతున్న కొద్దీ పైన కొత్తవి వేస్తూ ఉండాలి. ఏడాదిన్నరకో రెండేళ్లకో అడుగున తయారైన నల్లటి ఎరువును తీసి చెట్లకు వేసి, గుంతను మళ్లీ నింపుకోవాలి.

తాగునీటి నూతికి ఈ గుంత కనీసం 10 మీటర్ల దూరంలో ఉండాలి. కళింగపట్నం, భావనపాడు, బారువ వంటి తీర గ్రామాల ఇసుక నేలల్లో నీరు వడకట్టబడకముందే చకచకా కిందికి దిగిపోతుంది, కనుక అక్కడ ఇంకా దూరం పాటించి, గుంత అడుగున ఒక అడుగు మందాన ఎర్రమట్టి పరచడం మేలు.

కంకర మడి

గుంతతో సరిపెట్టుకోకుండా, కూరగాయల పాదులన్నిటికీ నీటిని పంచుకోవాలనుకునేవారికి కంకర మడి అవసరమవుతుంది. మాది 2.5 మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పు, 60 సెంటీమీటర్ల లోతు ఉంది. అడుగున, పక్కల మందపాటి టార్పాలిన్ పరిచి, రెండు చివర్లలోనూ ఒక్కో అడుగు వెడల్పున 40 ఎం.ఎం. రాయి, మధ్యలో 12 నుంచి 20 ఎం.ఎం. కంకర నింపాం. మొత్తం రాయి సుమారు 53 ఘనపుటడుగులు, అంటే అర యూనిట్ (యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు) కంటే కొంచెం ఎక్కువ పట్టింది. టెక్కలి వైపు క్వారీల నల్లరాయి ముక్కలు ఈ పనికి బాగా ఉంటాయి. రాయిని మడిలో పోసే ముందు నీరు తేటగా వచ్చేదాకా కడగాలి. మేము ఆ పని సగం సగంగా చేసి మడి నింపాం. క్రషర్ ధూళి అడుగున చేరి నీటి దారిని మూసివేయడంతో మూడు నెలలకే రాయంతా పైకి తీసి కడగవలసి వచ్చింది.

నీరు ఒక చివర పైనుంచి ప్రవేశించి, రెండో చివర అడుగున ఉన్న గొట్టం ద్వారా బయటికి రావాలి. ఆ గొట్టానికి బయట ఒక ఎల్బో (వంపు ముక్క), దానిపై నిలువు ముక్క బిగించి, నీటి మట్టం కంకర పైభాగం కంటే 5 నుంచి 10 సెంటీమీటర్లు కిందనే ఉండేలా అమర్చాలి. అప్పుడు పైన రాయి పొడిగా కనిపిస్తుంది, దోమకు చోటు ఉండదు. కంకర సందుల్లో సుమారు 500 లీటర్ల నీరు నిలుస్తుంది. స్నానాల నీరు, బట్టలు జాడించిన నీరు కలిపి రోజుకు 135 లీటర్ల చొప్పున పంపితే ప్రతి చుక్కా మూడు రోజులకు పైగా మడిలో ఉండి బయటికి వస్తుంది. ఆ మూడు రోజుల్లో రాళ్లకు, వేళ్లకు అంటుకుని బతికే సూక్ష్మజీవులు సబ్బును, జిడ్డును తినివేస్తాయి. అయితే సోడియాన్ని అవి తినలేవని గుర్తుంచుకోవాలి. ఉప్పు లోపలికి ఎంత వెళ్లిందో బయటికీ అంతే వస్తుంది. మడి ఉన్నది కదా అని బట్టల మొదటి నీటిని అందులోకి వదలకూడదనడానికి కారణం ఇదే.

మడిలో మెట్టతామర, వట్టివేరు, చేమ అడుగుకొకటి చొప్పున నాటి, మొదటి ఆరు వారాలు మంచినీటితోనే పెంచి, తరువాత క్రమంగా స్నానాల నీటిని అలవాటు చేయాలి. మెట్టతామర కాడలను మూడు నెలలకొకసారి నరికి చెట్ల మొదట్లో పరుచుకోవచ్చు. మడిలోని చేమ దుంపలను మాత్రం తినవద్దు. మడికి ముందు 50 లీటర్ల డ్రమ్ము ఒకటి పెట్టి, నీరు అందులో కాసేపు తేరుకుని పైనుంచి మడిలోకి జారేలా చేస్తే కంకర చాలా కాలం మూసుకుపోదు. ఆ డ్రమ్మును నీరు నిలవ చేసే తొట్టిగా మాత్రం భావించకండి. వడకట్టని నీరు 24 గంటలకు మించి నిలిస్తే కుళ్లిన కోడిగుడ్డు వాసన మొదలవుతుంది. మడి నుంచే ఆ వాసన వస్తే లోపలికి తిండి పదార్థం ఎక్కువగా వెళుతోందని అర్థం. వారం రోజులు నీరు ఆపి, ముందు చివర ఉన్న పెద్ద రాళ్లను తీసి కడిగితే మళ్లీ కుదుటపడుతుంది. మా మడిలో ఈ వాసన వచ్చినది ఒక్కసారే, గంజి వార్చిన నీరు వారం రోజులపాటు అందులోకి వెళ్లినప్పుడు.

మడి నుంచి బయటికి వచ్చే నీరు పడే కుండీలో నాలుగు గప్పీ చేపలను వదిలాం. ఇవి దోమ పిల్లలను తింటాయి; అంతకు మించి మడి పనితీరుకు సాక్ష్యంగా నిలుస్తాయి. అవి చురుకుగా తిరుగుతున్నంత కాలం మడి సబ్బును ఆపుతోందని తెలుస్తుంది. పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే వెంటనే వెనక్కి వెళ్లి ఏది తప్పిందో వెతకాలి.

తోటకు పోయడం

మన ఎండాకాలంలో కూరగాయల మడికి చదరపు మీటరుకు రోజుకు 5 నుంచి 6 లీటర్ల నీరు కావాలి. ఆ లెక్కన 135 లీటర్లతో సుమారు 25 చదరపు మీటర్లు, అంటే అర సెంటు కంటే కొంచెం ఎక్కువ నేల తడుస్తుంది. చెట్లయితే కాపుకొచ్చిన ఒక కొబ్బరికి, మూడు అరటి చెట్లకు ఇచ్చాక మిగిలేది రెండు మూడు పాదుల మట్టుకే. కాబట్టి ఉన్న నీటికి తగ్గట్టుగానే మొక్కలు నాటుకోవాలి.

కొబ్బరి ఈ నీటిని అన్నిటికంటే బాగా తట్టుకుంటుంది. ఉప్పు తగిలే తీరప్రాంతపు ఇళ్లవారు దానినే నమ్ముకోవచ్చు. అరటి, మునగ, ఆనప, బీర, గుమ్మడి, వంగ కూడా బాగా వస్తాయి. బీన్స్ సోడియాన్ని ఏమాత్రం ఓర్చుకోదు, నిమ్మ జాతి చెట్లు కూడా అంతే. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా, నేలలోపల ఊరే ముల్లంగి, క్యారెట్ వంటి వాటికి ఈ నీటిని ఎంత వడకట్టినా ఇవ్వవద్దు. టమోటా, ఆనప కాయలు నేలకు తగలకుండా పందిరికో కర్రకో ఎక్కించాలి. నీటిని చల్లకూడదు, ఆకుల మీద పోయకూడదు. పాదులో పరచిన ఎండుటాకుల కింద, నేల మీదనే పారించాలి. కుండీల్లో మొక్కలు పెంచే మేడ ఇళ్లవారు మూడు సార్లలో ఒక్కసారి మాత్రమే ఈ నీటిని వాడాలి, ఎందుకంటే కుండీలో చేరిన ఉప్పుకు కిందికి పోయే దారి తక్కువ.

జనవరి నుంచి మే నెలాఖరు దాకా వానలు అంతంతమాత్రమే కనుక ఈ కాలంలోనే ఉప్పు పేరుకుంటుంది. పదిహేను రోజులకొకసారి ఆ పాదులకు మంచినీరు నిండుగా పెట్టాలి. జూన్‌లో నైరుతి వానలు కుదురుకోగానే టీ దగ్గర వాల్వు తిప్పి, వాడిన నీటిని ఇంకుడు గుంతకు పంపి, అక్టోబరు దాకా తోటను వానకే వదిలేయాలి. ఏడాదిలో చేరిన సోడియాన్ని కడిగి కిందికి పంపే పని ఆ వానలు చేస్తాయి.

నేల చౌడు బారుతోందేమో ఇంట్లోనే చూసుకోవచ్చు. పాదులోని ఎండిన మట్టిగడ్డను, పప్పుబద్దంత ముక్కను, గాజు గ్లాసులో పట్టిన వాన నీటిలో కదపకుండా వదలండి. ఆ ముక్క విరిగి ముక్కలుగా పడితే భయం లేదు. దాని చుట్టూ పాలలాంటి మబ్బు కమ్ముకుని, రెండు గంటలైనా తేరుకోకపోతే సోడియం ఎక్కువైందని అర్థం. ఈ పరీక్షకు నూతి నీరు, కుళాయి నీరు పనికిరావు. వాటిలోని ఉప్పులు మబ్బును దాచివేస్తాయి. మబ్బు కనిపిస్తే జిప్సం వేయాలి. మన జిల్లాల రైతులకు ఇది కొత్త వస్తువు కాదు; వేరుశనగకు పూత దశలో ఎకరాకు 200 కిలోలు వేసేది దానినే. ఆ మోతాదు చదరపు మీటరుకు 50 గ్రాములవుతుంది. వానలకు ముందు ఆ లెక్కనే పాదులో చల్లి మట్టిలో కలిపితే, జిప్సంలోని కాల్షియం సోడియాన్ని తోసివేస్తుంది, వాన దానిని కిందికి తీసుకుపోతుంది. ఎర్రనేలలు త్వరగా కోలుకుంటాయి; చెరువు మట్టి తోలిన నేలలకు రెండేళ్లు పట్టవచ్చు.

చేపల తొట్టె

ఒక భోగినాడు మా ఇంట్లో జరిగిన సంగతి చెప్పి ఈ భాగం మొదలుపెడతాను. తలంట్ల హడావిడిలో కుంకుడుకాయ పులుసు ఉన్న చెంబు ఒకటి చేపలు పెంచుతున్న 200 లీటర్ల గోళెంలో ఒరిగిపోయింది. కుంకుడు సహజమైనదే కదా అని ఎవరం పట్టించుకోలేదు. సాయంత్రానికి ఆ గోళెంలో ఒక్క చేప కూడా మిగలలేదు. కుంకుడులోని నురగ పదార్థం పేరు సాపోనిన్. చేపల చెరువుల్లో అక్కరలేని చేపలను చంపడానికి వేసే ఇప్ప పిండిలో పనిచేసేది కూడా సాపోనినే. మట్టికి కుంకుడు నీరు మేలైనదే, చేప మొప్పలకు మాత్రం అది విషం. కొట్లో కొన్న సబ్బులలోని నురగ పదార్థాలు కూడా లీటరు నీటికి కొన్ని మిల్లీగ్రాములు చేరితే చాలు, చేపలను చంపుతాయి. అందుచేత కంకర మడిలో వడకట్టి, గప్పీలు ఆనందంగా తిరుగుతున్న నీటిని సైతం తినే చేపల తొట్టెలో పోయవద్దని నేను గట్టిగా చెబుతున్నాను.

చేపల నీటితో కూరలు పండించే పద్ధతిని ఆక్వాపోనిక్స్ అంటారు. చేపలు మొప్పల ద్వారా, విసర్జన ద్వారా అమ్మోనియాను వదులుతాయి. అది పేరుకుంటే వాటికే ప్రాణాంతకం. కంకరలో స్థిరపడిన ఒక రకం బాక్టీరియా దానిని నైట్రైట్‌గా, మరొక రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్‌ను మొక్కలు ఎరువుగా తీసుకుంటాయి. తేటపడిన నీరు మళ్లీ తొట్టెలోకి చేరుతుంది. ఇక్కడి కంకర మడి, స్నానాల నీటి కంకర మడి చూడటానికి ఒకేలా ఉన్నా వాటి గొట్టాలు, బకెట్లు, చెంబులు కూడా వేరుగా ఉంచాలి. మేము చేపల వైపు వస్తువులన్నిటికీ నీలం రంగు పూశాం.

నాలుగడుగుల వ్యాసం ఉన్న సిమెంటు ఒరలను మూడడుగుల ఎత్తుకు పేర్చి, అడుగున గచ్చు చేస్తే సుమారు 1000 లీటర్ల తొట్టె తయారవుతుంది. కొత్త సిమెంటు సున్నాన్ని వదులుతుంది కాబట్టి తొట్టెను నీటితో నింపి, అరటి బోదె ముక్కలు వేసి, వారానికొకసారి నీరు మారుస్తూ మూడు వారాలు నానబెట్టాలి. పక్కన 30 సెంటీమీటర్ల లోతు, ఒకటిన్నర చదరపు మీటర్ల విస్తీర్ణం ఉన్న కంకర మడి కట్టుకోవాలి. ఈ మడిలో వేసే రాయి మీద నాలుగు చుక్కల వెనిగర్ వేసి చూడండి. బుడగలు వస్తే అందులో సున్నపురాయి ఉన్నట్టే, అది పీహెచ్‌ను పెంచుతుంది కాబట్టి వద్దు. నీటిని పైకి తోడటానికి ఎయిర్ కూలర్ మోటారు సరిపోతుంది, కానీ డబ్బా మీద రాసిన గంటకు ఇన్ని లీటర్లు అనే లెక్క ఎత్తు లేనప్పటిది. మీటరు ఎత్తుకు తోడితే అందులో సగం కూడా రాకపోవచ్చు. గంటకొకసారి తొట్టె నీరంతా మడి గుండా తిరగడం మంచిది కనుక, ఒక మోటారు చాలకపోతే రెండు పెట్టుకోవాలి.

చేపలు వేయడానికి తొందరపడకూడదు. బాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ వారాల్లో రోజూ చిటికెడు మేత నీటిలో వేస్తూ, అక్వేరియం కొట్లలో దొరికే పరీక్ష కిట్టుతో చూస్తుంటే ముందు అమ్మోనియా పెరిగి తగ్గుతుంది, తరువాత నైట్రైట్ పెరిగి తగ్గుతుంది. ఆ రెండూ లీటరుకు ఒక మిల్లీగ్రాము కంటే తగ్గి, నైట్రేట్ కనిపించినప్పుడు చేపలు వేయవచ్చు. కుళాయి నీరు వాడేవారు క్లోరిన్ పోయేందుకు దానిని వెడల్పాటి పాత్రలో ఒక రోజు ఉంచాలి. వరదల తరువాత నూతుల్లో బ్లీచింగు పౌడరు వేస్తారు. ఆ నూతి నీటిని వాసన పూర్తిగా పోయేదాకా తొట్టెలో కలపవద్దు.

శీలావతి, బొచ్చె చెరువులో పెరిగే చేపలు. వాటికి చోటు కావాలి, ఆక్సిజన్ తగ్గితే తట్టుకోలేవు. చిన్న తొట్టెకు కొర్రమీను నయం. అది నీటి పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి కరెంటు పోయినా వెంటనే చనిపోదు. అయితే ఎగిరి బయటపడుతుంది, చిన్నదానిని పెద్దది తింటుంది. అందుచేత వల కప్పి, ఒకే సైజు పిల్లలను వేయాలి. తిలాపియా పెంపకానికి అనుమతి అవసరం. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌పై మన దేశంలో నిషేధం ఉంది, ఎవరైనా పిల్లలను చౌకగా ఇస్తామన్నా తీసుకోకండి. 1000 లీటర్లకు 20 కిలోలకు మించి చేపల బరువు ఉండకూడదు. మొదటి ఏడాది 5 కిలోలతో ఆగడం క్షేమం. ఆ 5 కిలోల చేపలకు రోజుకు సుమారు 75 గ్రాముల మేత సరిపోతుంది. చదరపు మీటరు ఆకుకూరల మడికి రోజుకు 40 నుంచి 50 గ్రాముల మేత లెక్క కనుక, ఒకటిన్నర చదరపు మీటర్ల మడికి ఇది చక్కగా కుదురుతుంది. ఇక్కడ పాలకూర, తోటకూర, పుదీనా, కొత్తిమీర పండించుకోవచ్చు, అంటే స్నానాల నీటితో పెంచకూడనివి ఈ మడిలో పెరుగుతాయి. లేత ఆకులు నరాల మధ్య పసుపుబారితే ఇనుము చాలడం లేదని గుర్తించి, చేపలకు హాని చేయని చీలేటెడ్ ఇనుమును (నీటిలో కరిగి మొక్కకు అందే రూపంలోని ఇనుమును) కొద్దిగా కలపాలి. ఏ పురుగుమందునూ, వేప నూనెనూ ఈ మడి మీద చల్లవద్దు.

రెండు దారులు కలిసే చోటు ఇప్పుడు చెప్పవచ్చు. వారానికొకసారి తొట్టె అడుగు నుంచి 100 లీటర్ల మురికి నీటిని తీసి, అంతే కొత్త నీరు పోయాలి. స్నానాల నీటిలో నత్రజని తక్కువ, సోడియం ఎక్కువ; చేపల నీటిలో సోడియం తక్కువ, నత్రజని ఎక్కువ. కాబట్టి ఆ 100 లీటర్లను వాడిన నీటితో పెరుగుతున్న అరటికి, ఆనప పాదుకు వంతులవారీగా పోస్తే ఒకే దెబ్బకు ఎరువూ అందుతుంది, ఉప్పూ కొంత కడుగుకుపోతుంది. చేపల నీరు తోటలోకి రావచ్చు. తోట వైపు నీరు మాత్రం చేపల దగ్గరికి పోకూడదు.

తుఫాను కాలం గురించి చెప్పి ముగిస్తాను. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తుఫాను తీరం దాటినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. ప్రతి అక్టోబరు మొదట్లోనే బ్యాటరీతో నడిచే చిన్న గాలి మోటారును ఒకసారి నడిపి చూసుకుని, బ్యాటరీ నింపి పెట్టుకోవాలి. తుఫాను హెచ్చరిక రాగానే మేత ఆపాలి. కొర్రమీను కొన్ని రోజులు మేత లేకుండా ఉండగలదు, మేత లేకపోతే అమ్మోనియా కూడా పెరగదు. తొట్టె మీద వలను తాళ్లతో నాలుగు వైపులా కట్టాలి. స్నానాల నీటి వాల్వును ఇంకుడు గుంత వైపు తిప్పాలి. పెరట్లోని నీరు పొంగినా తొట్టెలోకి రాకుండా తొట్టె అంచు నేలకు కనీసం రెండడుగుల ఎత్తున ఉందో లేదో తొట్టె కట్టేనాడే చూసుకోవాలి.